మండె మీద కంబళి

మొలకెత్తుతున్న వరి విత్తనానికి ఒక వాసన ఉంటుంది. పులిసిన గంజికీ తాటికల్లుకీ మధ్యలో ఉండే వాసన. ముక్కుకంటే ముందు మొహానికి వెచ్చగా తగులుతుంది. మొన్న ఆషాఢంలో ఊరికి వెళ్ళి, చేతిసంచీ ఇంకా కింద పెట్టకముందే, వసారా మూలనుంచి ఆ వాసన వచ్చింది. తడిపిన గోనెసంచుల కింద విత్తనం మండె కట్టి ఉంది. "కాళ్ళు కడుక్కోండి పెదనాన్నా" అంటూ మా తమ్ముడి కొడుకు చెంబు చాపాడు. నేను చెంబు అందుకోవడం మరచి ఆ మూలకే చూస్తూ నిలబడ్డాను.

వాసనలో ఏదో తక్కువైంది. ఏమిటా అని రెండు నిమిషాలు ఆలోచిస్తే తట్టింది. తడిసిన ఉన్ని.

తాతయ్య రోజుల్లో మా ఇంట్లో మండె మీద కప్పేది గోనె కాదు, మిలటరీ కంబళి. బర్మా నుంచి భుజాన వేసుకొచ్చిన బూడిదరంగు కంబళి. ఒక అంచున ఎర్రదారంతో కుట్టిన అంకెలు ఉండేవి. విత్తనాన్ని ఒక పగలూ ఒక రాత్రీ తొట్టిలో నానబెట్టి, నీళ్ళు వంచేసి, గడ్డి పరిచిన గంపలోకి ఎత్తేవారు. పైన మళ్ళీ గడ్డి, దాని మీద తడిపి పిండిన కంబళి, కంబళి మీద తిరగలి రాయి. తాతయ్య ఆ పక్కనే నులకమంచం వేసుకుని పడుకునేవాడు. రాత్రి రెండుసార్లు లేచి, కంబళి కిందికి చెయ్యి దూర్చి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చూసేవాడు. వేడి ఎక్కువైతే నీళ్ళు చిలకరించడం, తక్కువైతే గడ్డి సర్దడం. రథయాత్ర నాటికి నారు పడి తీరాలన్నది ఆయన లెక్క.

ఒకసారి పాతపట్నం చుట్టం ఒకాయన చూసి నొచ్చుకున్నాడు. "యుద్ధంలో కప్పుకున్న కంబళి, దాచుకోవాలి గానీ ఇలా పాడుచేస్తారా నాయుడుగారూ?"

"అక్కడ దాని కింద వెచ్చగా పడుకున్నది ఎన్నడు? ఇక్కడ వడ్లయినా పడుకోనీ" అన్నాడు తాతయ్య.

*

మా ఊరు కాశీనగరానికి అవతల, వంశధార ఒడ్డున. ఇంటి మాట తెలుగు, బడి మాట ఒడియా, వారపు సంతకు చింతపండూ అడ్డాకులూ కొండచీపుళ్ళూ మోసుకొచ్చే వాళ్ళది సవర. చిన్నప్పుడు ఇది వింత అని మాకు తెలియదు. ప్రపంచమంతా ఇలాగే ఉంటుందనుకునేవాళ్ళం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు చేశారు. పర్లాకిమిడి పట్నమూ మా వైపు ఊళ్ళూ ఒరిస్సాకు వెళ్ళాయి. పాతపట్నం వైపు మద్రాసు రాజధానిలోనే ఉండిపోయింది. పట్నానికీ పట్నానికీ మధ్య ఉన్నదల్లా మహేంద్రతనయ అనే ఏరు, ఎండాకాలంలో పంచె కొద్దిగా ఎత్తి పట్టుకుంటే దాటెయ్యవచ్చు. సవర భాషకు వాచకాలూ వ్యాకరణమూ రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు అన్నేళ్ళు పర్లాకిమిడిలో ఉండి, ఆ విభజనకు మనసు విరిగి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా ముత్తాతకూ మనసు విరిగిందట. కానీ ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. పొలాన్ని చంకన పెట్టుకుని వెళ్ళలేరు కదా.

ముత్తాతకు ముప్పై ఎకరాల పల్లం, కొంత మెట్ట, ఒక మామిడితోట. అందులో ఎనిమిదెకరాలు ఏటికి అవతల పడ్డాయి. అప్పటినుంచి మా ఇంట్లో కాగితాల పెట్టెకు రెండు అరలు. అవతలి పొలం కాగితాలు తెలుగులో, ఇవతలివి ఒడియాలో. అక్కడ సెంటు అన్నదాన్ని ఇక్కడ డెసిమల్ అంటారు. ఎకరంలో నూరోవంతే రెండూ. అయినా పంపకాలప్పుడు ఆ రెండు మాటల మీద మా పెద్దవాళ్ళు పోట్లాడుకున్న తీరు చూస్తే అవి రెండు వేరువేరు పొలాలనుకోవాలి.

తాతయ్య పుట్టినప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. పెళ్ళయ్యేనాటికి ఒరిస్సాలోని గంజాం జిల్లా. 1992లో గజపతి జిల్లా విడిగా ఏర్పడ్డాక మరో రెండేళ్ళు బతికాడు. మంచం కదపకుండానే ఇన్ని చోట్ల కాపురం చేశాడు. పర్లాకిమిడి కచేరీలో ఆయనను తెలెంగా అనేవారు. పాతపట్నం చుట్టాలకు ఆయన ఒడిస్సా మనిషి. పటాలం పుస్తకంలో జాతి అన్న గడిలో 'మద్రాసీ హిందూ' అని ఉండేది. ఊళ్ళో మాత్రం మిలటరీ నాయుడుగారు. ఈ నాలుగింటిలో చివరిదొక్కటే ఆయన ఒప్పుకున్నట్టు కనబడేవాడు.

*

ఎందుకు పటాలంలో చేరాడన్నదానికి మా ఇంట్లో మూడు కథలున్నాయి.

నాన్న చెప్పినది: రాజావారి శిస్తు రెండు కిస్తీలు బకాయి పడింది, వరుసగా రెండేళ్ళు వంశధార పంట ముంచింది, అందుకని ముత్తాత పెద్దకొడుకును పొలానికీ చిన్నకొడుకును పటాలానికీ పంచాడని. తాతయ్య చెప్పినది: ఎడ్ల బేరం దగ్గర అన్నతో మాటామాటా వచ్చిందని. నానమ్మ చెప్పినది: పర్లాకిమిడికి సినిమా చూడటానికి వెళ్ళి, దారిలో ఎక్కడో వరస కనబడితే టిక్కెట్ల వరస అనుకుని నిలబడ్డాడని. నానమ్మ కథే నాకు ఇష్టం.

నానమ్మ అన్నగారు రంగంలో ఉండేవాడు. మా వైపు రంగూన్‌ను రంగం అనే అంటారు. గోపాలపూర్ రేవులో ఓడ ఎక్కి రంగం వెళ్ళినవాళ్ళు ప్రతి పల్లెలోనూ ఉండేవారు. అక్కడ బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో కూలి. తిరిగొచ్చేటప్పుడు ఒక రేకుపెట్టె, ఒక గొడుగు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక ఆయన నడక మొదలుపెట్టాడు. వేలమంది నడిచారు. చింద్విన్ నది దాటి, టాము మీదుగా కొండలెక్కి, ఇంఫాల్ చేరి, అక్కడినుంచి ఎలాగో రైలు దొరికే చోటికి వచ్చాడు. ఊరికి చేరేసరికి మనిషి చిక్కి సగమయ్యాడు, పాదాలు పుండ్లు పడ్డాయి. ఆ ఏప్రిల్‌లోనే విశాఖపట్నం మీదా బాంబులు పడ్డాయి. ఆయన మా ఇంటి వసారాలో కూర్చుని తాతయ్యతో అన్న మాట నానమ్మ ఎప్పుడూ చెప్పేది. "బావా, ఆ దారిలో నేను లెక్కపెట్టడం మానేశాను."

ఏమిటి లెక్కపెట్టడం మానేశాడో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఏడాది తిరక్కుండా తాతయ్య అదే దారిలో ఎదురు నడిచాడు. యుద్ధం ముగిసేనాటికి మన సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారంటారు. అందులో ఒకడు కాశీనగరం స్టేషన్లో చిన్న బండి ఎక్కాడు.

చిన్న బండి గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా 1900లో రాజావారు వేయించిన రైలు అది. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఆవిరి ఇంజను దగ్గుతూ వచ్చేది, కొండ మలుపుల్లో కూత వేస్తే ఊళ్ళో గడియారం లేని ఇళ్ళవాళ్ళు పొయ్యి రాజేసేవారు. మామిడిపళ్ళ రోజుల్లో కుర్రవాళ్ళు దిగి, కాయలు ఏరుకుని, వెనక పెట్టె ఎక్కేవారు. నానమ్మ మా నాన్నను చంకనేసుకుని స్టేషనుకు వెళ్ళిందట. బండి కదిలాక పక్కనే నడిచింది. ప్లాట్‌ఫారం అయిపోయాక గట్టు మీద నడిచింది. మామిడితోట దాకా కిటికీలో ఆయన, కింద ఆమె. "అంత మెల్లగా పోయేది పాడు బండి. ఏడ్చుకోవడానికి కూడా తీరిక దొరికింది" అనేది.

*

"యుద్ధం గురించి చెప్పు తాతా" అంటే వాన గురించి చెప్పేవాడు.

అక్కడి వాన పైనుంచి పడదనీ, నేలలోంచి లేస్తుందనీ. గాడిదకీ గుర్రానికీ పుట్టిన కంచరగాడిదలు బురదలో మెడ దాకా దిగిపోతే వాటి కళ్ళు మాత్రం పైకి చూస్తుండేవనీ. జలగను లాగకూడదు, బీడీ నిప్పు తగిలించాలనీ. బియ్యం విమానంలోంచి బస్తాలుగా పడేవనీ, ఒకసారి బస్తా పగిలితే వరసగా కూర్చుని బురదలోంచి గింజగింజా ఏరారనీ. మేము ఎదురుచూసే తుపాకీ ఆ కథల్లో ఎంతకీ పేలేది కాదు.

ఆయన సాపర్. మద్రాసు సాపర్ల పటాలం, బెంగుళూరులో తర్ఫీదు. సాపర్ల పని ముందు దారి వెయ్యడం, వంతెన కట్టడం, పేలని బాంబులు తియ్యడం. తుపాకీ ఉంటుంది గానీ చేతిలో ఎక్కువసేపు ఉండేది పారే. "ఇక్కడ మట్టి తవ్వడం ఇష్టం లేక పోయాను, అక్కడా మట్టే ఇచ్చారు" అనేవాడు.

బెయిలీ వంతెన సంగతి మాత్రం అడగకుండానే చెప్పేవాడు. ఆ మాట వస్తే గొంతు మారేది. అగ్గిపుల్లలు పేర్చి చూపించేవాడు. పదడుగుల పొడవు ఇనప చట్రాలు. ఒక్కో చట్రాన్ని ఆరుగురు పట్టి ఎత్తాలి. చట్రానికి చట్రం ఆనించి, చిల్లుల్లో చీలలు దించి, ఒడ్డునే కట్టుకుంటూ అవతలికి నెడుతూ పోవాలి. నీళ్ళ మీద పడవలు వరసపెట్టి వాటి మీద కూడా పరచవచ్చు. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ మీద వేసినది అలాంటిదే. 1,150 అడుగుల పైమాటే, అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైన బెయిలీ వంతెన. అది పూర్తయ్యాక మొదటి లారీ దాటుతుంటే తాతయ్య ఒడ్డున నిలబడి ఏమనుకున్నాడో అని అడిగాను ఒకసారి. కాసేపు ఆలోచించి, "ఈ పక్కనే ఎక్కడో మా బావ నది దాటి ఉంటాడు, పాపం, అతనికి ఇది లేదు కదా అనుకున్నాను" అన్నాడు.

మాత్రల గురించి కూడా చెప్పేవాడు. బర్మా సరిహద్దు కబా లోయలో శత్రువుకంటే మలేరియా ఎక్కువమందిని పడగొట్టింది. రోజూ మెపాక్రిన్ మాత్ర వేసుకోవాలి. వేసుకుంటే ఒళ్ళు పచ్చబడుతుంది. అందుకని కుర్రాళ్ళు నాలుక కింద దాచి ఉమ్మేసేవారట. దాంతో పై అధికారి ఒక్కొక్కరినీ ఎదుట నిలబెట్టి, మింగించి, నోరు తెరిపించి చూసేవాడట.

ఈ కథ మాకు కంఠతా రావడానికి కారణం ఉంది. మా ఊళ్ళోనూ చలిజ్వరం ఎక్కువే. వానాకాలం రాగానే తాతయ్య మనవలందరినీ వరుసగా నిలబెట్టి నేలవేము కషాయం తాగించేవాడు. తాగాక "ఆఁ" అనాలి. నాలుక పైకెత్తమనేవాడు. మా చిన్నక్క ఒకసారి బుగ్గలో దాచుకుని పెరట్లో అరటిచెట్టు మొదట్లో ఉమ్మితే, మళ్ళీ గ్లాసుడు. దీపాలు పెట్టేవేళకు దోమతెరలు దిగి ఉండాలి. తెర అంచు పరుపు కిందికి దోపకపోతే చుట్టాలనైనా లేపి దోపించేవాడు. మా పెద్దత్త మామగారు ఆ దెబ్బకు మళ్ళీ మా ఇంట్లో రాత్రి ఉండలేదు.

*

తిరిగొచ్చాక తాతయ్య పొలాన్ని కూడా పటాలంలాగే నడిపాడు. ఇక్కడ నేను ఆయనను మెచ్చుకోలేను.

మా ఇంట్లో ఏడుగురు కంబారులు ఉండేవారు. ఏడాది జీతానికి కుదిరిన పాలేళ్ళను మా వైపు కంబారులంటారు. తెల్లవారుజామున తాతయ్య పెరటి గుమ్మంలో నిలబడి ఈల వేసేవాడు. ఇత్తడి ఈల, తాడుతో మెడలో. మూడో ఈలకు అందరూ కళ్ళంలో ఉండాలి. లేనివాడికి ఆ నెల కొలతలో అడ్డెడు ధాన్యం కోత. మనిషికి జ్వరమా, పెళ్ళానికి నొప్పులా అన్న విచారణ లేదు. చేతికర్రతో నేల మీద గీత గీసి, దాని వెంట వాళ్ళను నిలబెట్టి ఆ రోజు పని చెప్పేవాడు. చోడి అంబలి తాగడానికి కూడా వేళ. వాళ్ళు మనుషులనీ, యుద్ధం ఎప్పుడో అయిపోయిందనీ ఆయనకు ఎవరు చెప్పాలి?

నానమ్మ చెప్పలేదు గానీ, చేసేది. కొలత రోజు సాయంత్రం కోత పడినవాడి భార్య పెరటివైపు వచ్చేది. నానమ్మ చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "ఆ మూల అడ్డ ఉంది, తీసుకుపో" అనేది. అడ్డ నిండుగా ఉండేది. తాతయ్యకు తెలియదని మేము అనుకునేవాళ్ళం. పోయే ముందు ఏడాది ఎప్పుడో నాతో అన్నాడు, "మీ నానమ్మ కొలత ఎప్పుడూ తలకొట్టు కాదు, గోపురం పెట్టి ఇచ్చేది" అని.

ఎడ్లకు కూడా క్రమశిక్షణే. అరక మీద "హాల్ట్" అంటే ఆగేవి. కొత్తగా కొన్న జత సంతలో ఒడియా మాటలకు అలవాటుపడి వచ్చింది. వాటికి ఆయన నెలరోజులు తర్ఫీదు ఇచ్చాడు. అవి ముసలివై ఎవరికో ఇచ్చేశాక ఆ రైతు వచ్చి గోల పెట్టాడు, ఎంత అరిచినా ఆగడం లేదని. మాట చెప్పి పంపించారు.

పొలానికీ ఊరికీ మధ్య ఒక గెడ్డ ఉంది. వానల్లో నాలుగు నెలలు అవతలి పల్లం అందేది కాదు. తాతయ్య తిరిగొచ్చిన రెండో ఏడు దాని మీద తాటిదూలాలతో వంతెన వేశాడు. నేను పుట్టకముందు వేసినదే గానీ, ఐదారేళ్ళకోసారి దూలాలు మార్చేటప్పుడు చూశాను. ఒక్కో దూలానికి ఆరుగురు. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, ఎత్తులు సమంగా ఉండేలా ఏరి నిలబెట్టేవాడు. తాను పక్కన నిలబడి, "ఒకటీ... రెండూ... ఎత్తు!" ఆ 'ఎత్తు' లో 'త్తు' పలకకముందే దూలం భుజాల మీద ఉండేది. పరిచాక ముందు తాను ధాన్యం బస్తా నెత్తిన పెట్టుకుని దాటేవాడు. మధ్యలో ఆగి, మడమలతో రెండుసార్లు గెంతేవాడు. తరవాత ఖాళీ బండి, ఆ తరవాతే నిండు బండి. దానికి ఊళ్ళో మిలటరీ వంతెన అనే పేరు నిలిచిపోయింది.

*

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు శ్రీకాకుళం కొండల్లో గిరిజన ఉద్యమం రాజుకుంది. సరిహద్దు అన్నది కొండలకు తెలియదు కాబట్టి ఆ వేడి మా వైపూ తగిలింది. భూములున్నవాళ్ళు కొందరు బంగారం మూటగట్టి బరంపురం చేరారు. మా పక్క ఊరి పెద్దాయన రాత్రిళ్ళు ఇంట్లో పడుకోవడం మానేశాడు.

తాతయ్య దగ్గర లైసెన్సు తుపాకి ఒకటి ఉండేది, అడవిపందుల కోసం. దాన్ని గుడ్డలో చుట్టి తానే పోలీసు స్టేషనుకు పట్టుకెళ్ళి, అప్పగించి, రసీదు తెచ్చుకున్నాడు. ఇంట్లో అందరూ తిట్టారు. "తుపాకి ఉన్న ఇంటికే తుపాకి వెతుక్కుంటూ వస్తుంది" అని ఊరుకున్నాడు.

ఆ వారంలోనే మరో పని చేశాడు. అప్పట్లో మా ఇంటినుంచి ధాన్యం అప్పులు ఇచ్చేవారు. వానల్లో కుంచం ఇస్తే కోతల్లో కుంచమున్నర. కాగితాల మీద వేలిముద్రలు. తాతయ్య ఒక సాయంత్రం ఆ కట్ట పట్టుకుని కళ్ళంలో కూర్చున్నాడు. పేరు పేరునా పిలిచి ఎవరి కాగితం వాళ్ళ చేతికి ఇచ్చేశాడు. నేను లాంతరు పట్టుకున్నాను. ఒక ముసలి సవరాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ తాతయ్యకే ఇవ్వబోయాడు. తాతయ్య తీసుకుని నాలుగు ముక్కలు చేసి ఆయన చేతిలోనే పెట్టాడు.

భయంతో చేశాడని మా బాబాయి ఇప్పటికీ అంటాడు. మనసు మారి చేశాడని నాన్న అనేవాడు. ఆ ఏడు పంట విరగపండింది, గాదె నిండింది, అందుకని చేశాడని నానమ్మ. నేను లాంతరు పట్టుకున్నవాణ్ణి కాబట్టి నన్ను కూడా అడుగుతారు. నాకు తెలిసింది ఒక్కటే, తాతయ్య చెయ్యి వణకలేదు. మర్నాడు పొద్దున ఈల మాత్రం యథాప్రకారం మోగింది.

తరవాత భూపరిమితి వచ్చింది. ఒరిస్సాలో కుటుంబానికి పది స్టాండర్డు ఎకరాలన్నారు. అందరి ఇళ్ళలోలాగే మా ఇంట్లోనూ కాగితాల మీద పంపకాలు జరిగాయి. అది గొప్పగా చెప్పుకునే కథ కాదు.

*

బర్మా స్టార్ అనే పతకం ఆరు కోణాల నక్షత్రం. రాగి కలిసిన లోహం కాబట్టి ఊరుకుంటే నల్లబడుతుంది. నానమ్మ దీపావళికి దీపపు కుందులతో పాటు దాన్ని కూడా చింతపండు పెట్టి తోమేది. పట్టీ తడవకుండా విప్పి, పతకాన్ని కుందుల మధ్యే ఎండకు ఆరబెట్టేది. మా తమ్ముడు ఒకసారి దాన్ని బొంగరంలా తిప్పబోయి తన్నులు తిన్నాడు, తాతయ్య చేత కాదు, నానమ్మ చేత.

యుద్ధం కాగానే ఇంటికి పంపేసినవాళ్ళకు పింఛను లేదు. అంత సర్వీసు లేదని. ముసలితనంలో, అలాంటివాళ్ళకు ఏదో సాయం ఇస్తున్నారని ఎవరో చెబితే తాతయ్య పటాలం పుస్తకం పట్టుకుని బయల్దేరాడు. ఒక మూల చెదలు తిన్న పుస్తకం. ఇవతలి కార్యాలయంలో, మీది మద్రాసు పటాలం కదా అటు అడగండి అన్నారు. అవతలి కార్యాలయంలో, మీరు ఒరిస్సావాళ్ళు కదా ఇటెందుకు వచ్చారన్నారు. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. రెండోసారి నేను వెంట ఉన్నాను. ఎండలో మహేంద్రతనయ వంతెన మీద నిలబడి, కిందికి చూస్తూ, "ఇంత చిన్న ఏరు" అన్నాడు. అంతే. మూడోసారి తరవాత ఆ పుస్తకాన్ని పెట్టెలో పెట్టేశాడు. ఏ అరలో పెట్టాలో తెలియక రెండు అరలకూ మధ్య నిలబెట్టాడని మా నాన్న హాస్యమాడేవాడు.

1980లో వంశధారకు వచ్చిన వరద ఎరిగినవాళ్ళు ఎవరూ మరచిపోరు. గుణుపురం వైపు ఊళ్ళకు ఊళ్ళే దెబ్బతిన్నాయి. మా గెడ్డ కూడా ఎదురు తన్ని, మిలటరీ వంతెనను పుల్లల్లా పట్టుకుపోయింది. నీళ్ళు తీశాక నేను సెలవు పెట్టి వెళ్ళాను. పల్లమంతా ఇసుక మేట. తాతయ్య గెడ్డ ఒడ్డున చతికిలబడి ఉన్నాడు. ఓదార్చబోతే చెయ్యి ఎత్తి ఆపి, అవతలి ఒడ్డు చూపించాడు. "ఆ గట్టు కోసుకుపోయింది. ఇంకో ఆరడుగులు పొడుగు కావాలి" అన్నాడు. సంక్రాంతికి వంతెన మళ్ళీ లేచింది. పాత ఆరుగురిలో ఇద్దరు అప్పటికే ముసలివాళ్ళు, వాళ్ళ బదులు కొడుకులు పట్టారు.

*

తాతయ్య పోయినప్పుడు కబురు అందుకుని నేను చేరేసరికి పాడె కట్టడం పూర్తవుతోంది. మామూలుగా నలుగురు మోస్తారు. పాత కంబారి ఒకాయన, అప్పటికి డెబ్బై దాటినవాడు, అటు ముగ్గురినీ ఇటు ముగ్గురినీ ఎత్తులు చూసి నిలబెట్టాడు. పురోహితుడు ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆ ముసలాయన పక్కకు జరిగి, గొంతు సవరించుకుని, "ఒకటీ... రెండూ..." అన్నాడు. మూడో మాట ఆయన నోట రాలేదు. కానీ పాడె లేచింది.

కంబళిని నానమ్మ ఆ ముసలి కంబారికే ఇచ్చింది. చాలా ఏళ్ళు దాంతోనే మండె కట్టుకున్నాడట. చివరికి ఆయనతో పాటే వెళ్ళిపోయింది.

చిన్న బండి 2004లో ఆగిపోయింది. పట్టాలు పీకి పెద్దవి వేశారు. నేను ఇప్పుడు విశాఖలో ఎక్కి కాశీనగరంలో దిగాను. కిటికీ పక్కన ఎవరైనా నడవాలని చూసినా అందే వేగం కాదది. గెడ్డ మీద సిమెంటు కల్వర్టు ఉంది. దాన్ని కూడా మిలటరీ వంతెన అనే అంటున్నారు. ఆ పేరు ఎందుకొచ్చిందని ఒక కుర్రవాణ్ణి అడిగితే, ఎప్పుడో పోలీసు బలగాలు కట్టి ఉంటాయి అన్నాడు. నేను సరిదిద్దలేదు. వాడు బండి మీద ఉన్నాడు, తొందరలో ఉన్నాడు.

నేను వెళ్ళింది సంతకాలకు. ఇవతలి పొలంలో నా వాటా మా తమ్ముడి కొడుకు పేరున రాయాలి. వాడు సాగు చేస్తున్నాడు, నేను చెయ్యను, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. కాగితం ఒడియాలో ఉంది. బడిలో చదువుకున్న భాషే, అయినా గుండ్రటి అక్షరాల వెంట వేలు పెట్టి నడిస్తే గానీ నా పేరు నాకు దొరకలేదు. మా నాన్న పేరు, దాని ముందు తాతయ్య పేరు కూడా ఉన్నాయి. తాతయ్య పేరులో ఒక అక్షరం తప్పు పడింది. "మారుద్దామా పెదనాన్నా? మారిస్తే మళ్ళీ మూడు నెలలు" అన్నాడు వాడు. ఉండనీ అన్నాను. ఆయనను ఎవరు సరిగ్గా రాశారు గనక.

రాత్రి భోజనాలయ్యాక వాడు ఫోను లైటు వేసుకుని మండె దగ్గర కూర్చున్నాడు. నేనూ పీట లాక్కుని పక్కన చేరాను. గోనె ఒక పక్క ఎత్తి చెయ్యి దూర్చమన్నాడు. వేడిగానే ఉంది. ఎంత వేడి ఉండాలో నాకేం తెలుసు? వాడు నాలుగు గింజలు తీసి అరచేతిలో పోసి లైటు పట్టాడు. మూడు గింజలు నిండుగా ఉబ్బి మూసుకునే ఉన్నాయి. నాలుగోదానికి కొసన, సూదిమొన పెట్టి పొడిచినంత మేర, తెల్లగా.

"ఇంకా ముక్కు పగల్లేదు. రేపు సాయంత్రానికి గానీ అవదు" అన్నాడు. నీళ్ళు చిలకరించి గోనె కప్పి రాయి ఎత్తాడు.

నా బండి పొద్దున్నే. ఎక్కలేదు.